ఉయుని ఉప్పు ఎడారికి మామగారిని తీసుకెళ్ళవచ్చా?

డాలస్ కోడలు:

మా మామగారికి 64 ఏళ్ళు. జాగ్రఫీ మాస్టారుగా రిటైరయ్యారు. అట్లాసులో బొలీవియా దగ్గరున్న తెల్ల మచ్చను ఏళ్ళ తరబడి పిల్లలకు చూపించారట, ఇప్పుడు దాన్ని కళ్ళారా చూస్తానంటున్నారు. జులైలో మాకు సెలవులు. చిలీలోని సాన్ పెడ్రో ది అటకామాలో జీపెక్కి, ఎడారి దాటి, చివరి రోజున ఉయుని చేరేలా ఒక ఏజెన్సీ వారు ప్రయాణం చెప్పారు. ఆయనకు కాస్త బీపీ ఉంది, మాత్ర వేసుకుంటారు. పూర్తి శాకాహారి. ఆకాశం నేల మీద అద్దంలో పడినట్టు కనిపించే ఫొటోలు చూసి మురిసిపోతున్నారు. తీసుకెళ్ళవచ్చా? వెళ్ళొచ్చినవారు చెప్పగలరు.

రోడ్డు మేళం:

నిక్షేపంగా వెళ్ళండి. మేము నలుగురు స్నేహితులం సాన్ పెడ్రో నుంచే వెళ్ళాం. మొదటి రాత్రి కొంచెం తలనొప్పి, అంతే. కోకా ఆకు టీ తాగితే సర్దుకుంటుంది.

చినగంజాం వాసి:

పై మిత్రుడి వయసు ఎంతో తెలియదు కానీ, 64 ఏళ్ళ మాస్టారికి ఆ సలహా పనికిరాదు. అమ్మా, వెళ్ళండి, కానీ దారి తిరగేయండి. ఉయునిలో మొదలుపెట్టి సాన్ పెడ్రోలో దిగండి.

లెక్క చూడండి. సాన్ పెడ్రో ఎత్తు సుమారు 2,400 మీటర్లు. అక్కడ పొద్దున బయలుదేరితే గంటలోపే 4,400 దాటి సరిహద్దు చేరతారు. మధ్యాహ్నానికి 4,850 దగ్గర ఆవిరి గుంటలు, రాత్రి పడక 4,300 దగ్గర. ఒక్క రోజులో! నేను సెప్టెంబరులో మా అక్కతో వెళ్ళాను, ఆమెకు 61. మేము సుక్రేలో (2,800) మూడు రాత్రులు, ఉయునిలో (3,670) రెండు రాత్రులు ఆగి ఎక్కాం. ఆ 4,300 దగ్గరున్న ఎర్ర సరస్సు బసలో సాన్ పెడ్రో నుంచి ఆ ఉదయమే బయలుదేరిన జట్టు కూడా దిగింది. వారిలో వ్యాయామం చేసిన ఒళ్ళున్న కుర్రవాడు తెల్లవార్లూ బకెట్టు పట్టుకుని కూర్చున్నాడు. మా అక్క రెండు గిన్నెల సూపు తాగి పడుకుంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతం దగ్గర ఉంటుంది. కోకా టీ తాగండి, తప్పులేదు, కానీ అది మందు కాదు. బీపీ మాత్ర గురించీ ఎత్తు మాత్ర గురించీ డాక్టరును అడగనిదే కదలవద్దు. మిగిలిన టీ పొట్లాలు అమెరికాకు తేవద్దు.

అద్దం మాట. అది వానలు పడే కాలంలో, జనవరి నుంచి మార్చి దాకా, ఉప్పు మీద అంగుళమో రెండంగుళాలో నీరు నిలిచినప్పుడు. జులైలో పొడి. మాస్టారికి ముందే చెప్పేయండి. నన్నడిగితే పొడిగా ఉన్నప్పుడే మేలు. నీళ్ళుంటే ఉప్పు నడుమ గుట్టలా లేచిన ఇంకావాసి దీవికి జీపు పోదు, అక్కడి తాటిచెట్లంత కాక్టస్‌లు చూడలేరు.

నేను ఉప్పు కొఠార్ల మధ్య పెరిగినవాణ్ణి. కొల్చాని ఊరి పక్కన జీపు ఆగగానే అక్క నవ్వింది. మనుషులు పారలతో ఉప్పు గీకి, నీరు కారిపోవడానికి వరసగా కుప్పలు పోస్తున్నారు, అచ్చం మా గట్ల మీదలాగే. మనం మడిలోకి నీరు పెట్టి, ఎండబెట్టి, గీకుతాం. అక్కడ పది వేల చదరపు కిలోమీటర్లు దాటిన ఒకే మడి. నీరు పెట్టేదీ ఎండబెట్టేదీ ఆకాశమే. లోపలికి పోయాక నేలంతా మంచమంత వెడల్పున గళ్ళు గళ్ళుగా ఉంటుంది, గళ్ళ అంచులు వేలెడు పైకి లేచి ఉంటాయి. అక్క చెప్పులు విప్పి ఒక అంచు విరిచి నాలుక మీద పెట్టుకుంది. “మనదే, కాస్త చేదు,” అంది. అరికాలు గీసుకుపోయి సాయంత్రం దాకా మండిందనుకోండి. చెప్పులు విప్పవద్దని చెప్పండి. ఎండ కింద నుంచి కూడా కొడుతుంది: నాకు గడ్డం కింద, ముక్కు పుటాల లోపల కాలింది. అక్కడ కూడా క్రీము రాయాలని ఎవరూ చెప్పరు.

జులై రాత్రులు సున్నాకు ఇరవై కింద దాకా పోతాయి. అద్దెకు తీసుకున్న పడక సంచి జిప్పు పాడైపోయి నేను స్వెటర్లన్నీ వేసుకుని పడుకున్నాను. బయలుదేరే ముందే తీసి, మూసి చూసుకోండి. మూడో రోజు పొల్కేస్ దగ్గర వేడినీటి కొలనులో దిగుతారు, బీపీ ఉన్నవారు పాదాలు పెడితే చాలు.

డాలస్ కోడలు:

చదివి వినిపించాను. “అద్దం పోతే పోయింది, ఆ గళ్ళు చూడాలి,” అన్నారు. దారి తిరగేస్తున్నాం. తిండి సంగతి? అన్నం వండుకోవడానికి చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు పెట్టుకోమంటారా?

చినగంజాం వాసి:

వద్దు. ఆ ఎత్తులో నీళ్ళు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అన్నం పలుకు పలుకుగానే ఉంటుంది. బసలో కరెంటు కూడా సాయంత్రం కొన్ని గంటలే. శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా చెప్పండి, సూపులో మాంసం రసం ఉండకూడదని విడిగా చెప్పండి. లేకపోతే కోడి ముక్క తీసేసి అదే గిన్నె ముందు పెడతారు. కినోవా, బంగాళాదుంపలు దండిగా ఉంటాయి. ఆవకాయ చిన్న సీసా చాలు, మిగిలితే చిలీ సరిహద్దులో దాచకుండా ఫారంలో రాయండి, పండ్లూ విత్తనాలూ వాళ్ళు వెతికి మరీ పట్టుకుంటారు. అసలు ఆవకాయ అక్కర ఉండకపోవచ్చు. టమోటా, లొకోతో అనే మిరపకాయ కలిపి రాతి మీద నూరిన ల్యాహ్వా అని ఒకటి బల్ల మీద పెడతారు. మా అక్క దాన్ని రోటిపచ్చడి అనే పిలిచింది, రెండో పూటకు డ్రైవరు కూడా “రోతీ” అంటూ గిన్నె ఆమె వైపు జరపడం మొదలుపెట్టాడు.