28 అడుగుల తెరచాప పడవలో పాటల సెట్టు మార్పు: స్పీకర్లు, వైర్లు, బ్యాటరీ లెక్క

లంగరు28:
చెన్నై హార్బర్‌లో ఉండే ఫైబర్‌గ్లాస్ స్లూప్ (ఒకే స్తంభం ఉన్న తెరచాప పడవ). లోపల పాత కారు సీడీ ప్లేయర్, క్యాబిన్‌లో రెండు, కాక్‌పిట్‌లో (చుక్కాని పట్టి కూర్చునే బయటి చోటు) రెండు కారు స్పీకర్లు, అన్నీ ఆరున్నర అంగుళాలవే. కాక్‌పిట్ ఎడమది మూగబోయింది, కుడిది గరగర. ఇంజిన్ వేస్తే చాలు సన్నటి ఈల మొదలు. హౌస్ బ్యాటరీ (ఇంజిన్ స్టార్టుకి కాక దీపాలు, రేడియోలకి వాడేది) 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ ఒక్కటే, పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్. బ్లూటూత్ ఉన్న మెరైన్ స్టీరియో, నాలుగు స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్ అనుకుంటున్నా. డబ్బు ముందు దేని మీద పెట్టాలి? పాత వైరింగే వాడుకోవచ్చా?

నాలుగు_ఓములు:
రెండో ప్రశ్నకు ముందు జవాబు: వద్దు. డబ్బు ముందు పోయాల్సింది కూడా అక్కడే, వైరు మీద. తర్వాత స్పీకర్లు, తర్వాత స్టీరియో. ఆంప్ ఆఖర్న, అదీ అవసరమైతేనే.

డబ్బా మీద '50 వాట్లు × 4' అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. 14.4 వోల్ట్ల సరఫరా, 4 ఓముల స్పీకర్, బ్రిడ్జ్ (స్పీకర్ రెండు చివర్లనీ ఆంపే నడిపే) అవుట్‌పుట్‌తో లెక్క వేస్తే సిద్ధాంతంలోనే 26 వాట్లు దాటదు. నష్టాలు పోను చేతికొచ్చేది 17 నుంచి 20. ఇంజిన్ ఆపితే బ్యాటరీ 12.5 దగ్గర ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ. అందుకే స్పీకర్ కొనేటప్పుడు వాట్లు కాదు, సెన్సిటివిటీ (ఒక వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) చూడండి. 88 డెసిబెల్స్ స్పీకర్ బదులు 91ది పెడితే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత ఫలితం, పైగా బ్యాటరీకి పైసా భారం లేదు.

గాలివాటు_గంగాధరం:
ఇంత తంటా ఎందుకండీ? వాటర్‌ప్రూఫ్ బ్లూటూత్ స్పీకర్ ఒకటి వించ్ (తాళ్లు బిగించే చక్రం) పక్కన పెట్టుకుంటే పోలా?

నాలుగు_ఓములు:
సాయంత్రం రెండు గంటల తిరుగుడుకి పోతుంది, నిజమే. పడవ వాలినప్పుడు అదీ పోతుంది, నీళ్లలోకి. తాడు కట్టి పెట్టండి.

తగరంపూత:
వైరు గురించి నేను చెప్తా. మామూలు రాగి తీగ సముద్రం పక్కన లోపల్లోపలే నల్లబడుతుంది. పైన ఇన్సులేషన్ నిగనిగలాడుతూనే ఉంటుంది, చివర అంగుళం కోసి చూస్తే తీగలు బొగ్గు రంగు, వేలితో నలిపితే పొడి. తగరం పూత వేసిన రాగి అయితే ఈ తలనొప్పి లేదు. షాపులో 'టిన్డ్ కాపర్' అని అడగండి, 'మెరైన్ వైర్' అంటే ఏదో ఒకటి అంటగడతారు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే స్పీకర్ వైర్లలో అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చాలా తగులుతాయి. ఒక తీగను బ్లేడుతో గీకండి. గీకిన చోట లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం, వదిలేయండి. టిన్డ్ కాపర్‌కి ఇది తిరగబడుతుంది: పైన వెండి రంగు, గీకితే ఎర్రటి రాగి.

మందం లెక్క ఇదీ. బ్యాటరీ నుంచి స్టీరియోకి 6 మీటర్లు అనుకోండి, పోనూ రానూ 12. అంతే పొడవున 2.5 చ.మి.మీ. తీగకు దాదాపు 0.1 ఓము. 10 ఆంపియర్లు లాగితే దారిలోనే ఒక వోల్ట్ పోయినట్టు. 6 చ.మి.మీ. వేస్తే 0.4 వోల్ట్ పోతుంది. బాస్ దెబ్బ పడ్డప్పుడల్లా డిస్‌ప్లే మినుకుమంటోందంటే ఆ ఒక వోల్టే కారణం. స్పీకర్లకి 1.5 చాలు, కాక్‌పిట్ దాకా దూరమైతే 2.5.

కలిపేచోట సోల్డర్ వద్దు. సోల్డర్ ఆగిన చోట తీగ బిరుసెక్కి, పడవ అదురుకి అక్కడే తెగుతుంది. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో దూర్చి నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి. వేడికి జిగురు అంచుల్లోంచి కాస్త బయటికి ఉబకాలి, అది కనిపిస్తేనే నీళ్లు దూరనట్టు. చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టే అలవాటుంటే పడవలో మానేయండి. మే నెల ఎండకి టేపు జిగురు కారిపోతుంది, అక్టోబర్ వానలకి మిగతా పని పూర్తవుతుంది.

లంగరు28:
థాంక్సండీ. పాత వైర్లు లాగి చూశాను. కాక్‌పిట్ స్పీకర్లు రెంటికీ కలిపి మూడు తీగల కేబుల్ ఒకటే వెళ్లింది. రెండు ప్లస్‌లు, మైనస్ ఒక్కటే ఉమ్మడి. అలాగే కొత్త స్టీరియోకి తగిలించవచ్చా?

నాలుగు_ఓములు:
అయ్యో, ఆగండి! అలా తగిలిస్తే కొత్త స్టీరియో మొదటి రోజే పోవచ్చు. పాత రోజుల సెట్లలో స్పీకర్ మైనస్ గ్రౌండే, అప్పట్లో మూడు తీగలు సరిపోయేవి. ఇప్పటి సెట్లలో ప్రతి చానెల్‌కీ రెండు చివర్లూ ఆంప్ అవుట్‌పుట్లే. సైలెంట్‌గా ఉన్నప్పుడు రెండు తీగల్లోనూ బ్యాటరీ వోల్టేజ్‌లో దాదాపు సగం నిలబడి ఉంటుంది. రెండు చానెళ్ల మైనస్‌లు కలిపారంటే రెండు ఆంప్‌లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మైనస్‌ని ఇంజిన్ బ్లాక్‌కో పడవ గ్రౌండ్‌కో తాకించినా అంతే. ఒక్కో స్పీకర్‌కి విడిగా రెండు తీగలు వేయండి. రంగులు గుర్తుపెట్టుకోవడం తేలిక: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్లచార ఉన్నది ఆ జతలో మైనస్.

ఇంకో పొరపాటు కూడా తరచూ చేస్తుంటారు. రెండు 4 ఓముల స్పీకర్లని ఒకే చానెల్‌కి సమాంతరంగా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కడితే 2 ఓములు అవుతుంది. కనీసం 4 ఓములు అని రాసి ఉన్న సెట్‌కి అది పడదు. వేడెక్కి ఆగుతుంది, చల్లారాక మళ్లీ పాడుతుంది, జనం 'బ్లూటూత్ ప్రాబ్లం' అనుకుంటారు.

అలల_అద్దం:
బ్యాటరీ లెక్క ఎవరూ వేయలేదు, నేను వేస్తా. మామూలు వాల్యూమ్‌లో స్టీరియో 1.5 నుంచి 2 ఆంపియర్లు తింటుంది. ఆరు గంటలకి 12 ఆంపియర్-అవర్లలోపే. క్లాస్ డి (కరెంటు తక్కువ వృథా చేసే రకం) ఆంప్ కలిపి గట్టిగా పెడితే 4, 5 ఆంపియర్లు, అంటే 30. మీది 100 అన్నా లెడ్ యాసిడ్ కాబట్టి సగం దాటి వాడకూడదు, చేతిలో ఉన్నది 50. అందులోంచే దారి దీపాలు, విహెచ్ఎఫ్ (పడవలు, పోర్టు మాట్లాడుకునే రేడియో), ఆటోపైలట్. 100 వాట్ల ప్యానెల్ చెన్నై ఎండలో రోజుకి 25, 30 ఇస్తుంది. బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) నీడ పడిందా, అందులో సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఆంప్ పెట్టాలంటే క్లాస్ డి మాత్రమే. క్లాస్ ఏబీ తీసుకున్న కరెంటులో సగానికి సగం వేడి చేసి వదులుతుంది, ఆ వేడి మీ లాకర్‌లోనే ఉంటుంది.

పసుపు తీగ సంగతి మర్చిపోకండి. అది మెమరీ కోసం, బ్యాటరీకి ఎప్పుడూ అంటుకుని ఉంటుంది. మల్టీమీటర్‌ని సీరీస్‌లో పెట్టి, స్టీరియో ఆఫ్ చేసి చూడండి. 10 మిల్లీఆంపియర్లు అయితే నెలకి 7 ఆంపియర్-అవర్లు, భరించొచ్చు. బ్లూటూత్ మేల్కొని ఉండే సెట్టయి 50 లాగుతోందా, నెలకి 36. వానాకాలం ప్యానెల్ కూడా కప్పేసి రెండు నెలలు పడవ దగ్గరికి వెళ్లకపోతే బ్యాటరీ చచ్చినట్టే. పసుపు, ఎరుపు (స్టీరియోని ఆన్ చేసే తీగ) కలిపి ఒకే స్విచ్ మీద పెట్టేయండి. స్టేషన్ల మెమరీ పోతుంది, పోనివ్వండి.

స్టార్టింగ్ బ్యాటరీ మీంచి మాత్రం లైన్ తీయొద్దు. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజ్ 10 కిందికి జారి, స్టీరియో ఆగి మళ్లీ మొదలవుతుంది.

ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్‌కి ఒక జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజ్ కాపాడేది వైరుని. ఆంప్ పక్కన పెట్టుకుంటే మధ్యలోని ఆరు మీటర్లకి దిక్కు లేదు.

గాలివాటు_గంగాధరం:
సరే, ఒప్పుకున్నా. మరి ఆ ఈల?

తగరంపూత:
ఈల స్థాయి ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతోందా? అయితే ఆల్టర్నేటర్. ముందు ఏ దారిన వస్తోందో పట్టుకోండి, తర్వాతే ఫిల్టర్ కొనండి. ఫోన్‌ని ఛార్జర్ నుంచి తీసి బ్లూటూత్‌లో పాట పెట్టండి. ఈల లేదంటే దోషం ఆక్స్ కేబుల్ (ఫోన్‌ని స్టీరియోకి కలిపే తీగ), ఛార్జర్ కలిపి చేసే, అంటే రెండు దారుల్లో గ్రౌండ్ కలవడం వల్ల వచ్చే గ్రౌండ్ లూప్‌ది. ఆక్స్ మానేస్తే సరి, లేకపోతే ఆక్స్ దారిలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్. బ్లూటూత్‌లో కూడా ఉందంటే పవర్ లైన్‌లోంచి వస్తోంది. స్టీరియో నలుపు తీగని పక్కనున్న ఏదో బోల్టుకి కట్టి ఉంటారు, దాన్ని తెచ్చి బ్యాటరీ నెగటివ్ బస్ బార్‌కి (మైనస్ తీగలన్నీ చేరే లోహపు పట్టీ) కలపండి. చాలాసార్లు అంతటితో ఆగుతుంది. ఆంప్ పెట్టాక ఈల వస్తే ఆర్‌సీఏ కేబుళ్లని (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట తెచ్చేవి) పీకి చూడండి. ఆగిందంటే ఆ కేబుల్ పవర్ వైరు పక్కనే సాగుతోందన్నమాట, దాన్ని రెండో వైపు గోడ వెంట మార్చండి.

ఎఫ్‌ఎం ఒక్కటే బుర్రుమంటోందా? సోలార్ ప్యానెల్ మీద దుప్పటి కప్పండి. ఆగిపోతే ఛార్జ్ కంట్రోలర్ తప్పు. దాని తీగలన్నింటికీ కంట్రోలర్ మొదట్లోనే ఫెరైట్ క్లిప్పులు (రొదని అడ్డుకునే బిళ్లలు) వేయండి. ఆగకపోతే ఎల్‌ఈడీ దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుతూ వెళ్లండి. ఎఫ్‌ఎం కోసం విహెచ్ఎఫ్ యాంటెన్నా కేబుల్‌ని మాత్రం కోయొద్దు.

పడమటి_పాయ:
స్పీకర్ ఎక్కడ పెడతారో చెప్పలేదు మీరు. నేను ముందు అడిగేది దిక్సూచి గురించి. స్పీకర్ వెనక ఉన్నది బలమైన అయస్కాంతం. స్టీరింగ్ కంపాస్‌కి కనీసం ఒక మీటరు దూరం వదలండి. ఆటోపైలట్ కంపాస్ ఎక్కడుందో కూడా వెతకండి. అది సాధారణంగా బెర్త్ కిందో లాకర్ గోడ మీదో ఉంటుంది, క్యాబిన్ స్పీకర్ పెడదామని మనం అనుకునే చోటే. రంధ్రం కోయకముందే స్పీకర్‌ని ఆ చోట చేత్తో పట్టుకోండి, ఇంకొకరు కంపాస్ చూడాలి. ఒక్క డిగ్రీ కదిలినా చోటు మార్చాల్సిందే. అంతా బిగించాక హార్బర్ బయట మెరీనా లైట్‌హౌస్‌ని చార్టులో ఉన్న ఇంకో గుర్తుతో ఒకే వరసలోకి తెచ్చుకుని, ఆ బేరింగ్‌తో కంపాస్ సరిచూడండి.

కాక్‌పిట్‌లో స్పీకర్ల ఎత్తు ముఖ్యం. పడవ వాలినప్పుడు నీళ్లు చేరే కింది వైపు పెడితే ఐపీ65 ఉన్నా లాభం లేదు, అది నీటి చిమ్ముడుకి పరీక్షించిన అంకె, మునకకి కాదు. కోమింగ్‌లో (కాక్‌పిట్ చుట్టూ ఉండే గట్టు), కూర్చున్నవాళ్ల చెవికి దగ్గరగా పెట్టండి. బయలులో దూరం సగం చేస్తే 6 డెసిబెల్స్ లాభం, ఆంప్ ఖర్చు మిగిలినట్టే. కారు స్పీకర్ల కాగితం కోన్ తడికి మెత్తబడుతుంది, ఇనప ఫ్రేము తుప్పు పడుతుంది. మీ గరగర అదే అయి ఉండొచ్చు. పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవి తీసుకోండి. వెనక లాకర్‌లో తాళ్లు, ఫెండర్లు వేస్తారు కదా, అవి తగిలి టెర్మినళ్లు ఊడిపోతాయి. ప్లాస్టిక్ డబ్బా అయినా సరే వెనక మూత పెట్టండి.

కోసేటప్పుడు స్పీకర్‌తో వచ్చిన అట్ట నమూనానే వాడండి, పాత రంధ్రం సరిపోతుందని అనుకోకండి. పేపర్ టేపు అంటించి, డ్రిల్‌ని మొదట రివర్స్‌లో తిప్పి జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పైపొర) దాటాక ముందుకి తిప్పండి. అప్పుడే అంచు పెచ్చులూడదు. లోపల బాల్సా చెక్క కనిపిస్తే అంచంతా ఎపాక్సీ పూసి ఆరనిచ్చాకే స్పీకర్ బిగించాలి. లేదంటే నీళ్లు చెక్కలోకి పాకి డెక్ మెత్తబడుతుంది. అంచుకి బ్యూటైల్ టేపు (నీళ్లు దూరనివ్వని జిగురు పట్టీ). వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ వద్దు, దాంట్లోంచి వచ్చే ఆమ్లం టెర్మినళ్లని తినేస్తుంది. స్క్రూలు 316 స్టెయిన్‌లెస్.

లంగరు28:
కోమింగ్ కొలిచాను, కంపాస్‌కి 1.3 మీటర్లు వస్తోంది. ఆఖరి సందేహం: ప్లస్ మైనస్ గుర్తులు చెరిగిపోయిన క్యాబిన్ స్పీకర్లు అలాగే ఉంచితే?

నాలుగు_ఓములు:
ఒకటి తిరగబడితే రెండూ ఒకదాని బాస్ ఒకటి మింగేస్తాయి. పాట పల్చగా, తల వెనకనుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. స్టీరియో నుంచి తీగలు విప్పేసి, 1.5 వోల్ట్ల పెన్సిల్ సెల్‌ని స్పీకర్ తీగలకి ఒక్క క్షణం తాకించండి, వేలు కోన్ మీద తేలిగ్గా ఆనించి. కోన్ బయటికి దూకితే సెల్ ప్లస్ తగిలినదే స్పీకర్ ప్లస్. ఎర్ర ష్రింక్ ముక్క తొడిగి గుర్తు పెట్టుకోండి.

పడమటి_పాయ:
విహెచ్ఎఫ్ స్పీకర్‌ని మాత్రం ఈ సెట్టులో కలపొద్దు, విడిగా ఉండనివ్వండి. స్టీరియోకి మ్యూట్ తీగ ఉంటే కాక్‌పిట్‌లో చేతికందేచోట ఒక స్విచ్‌కి తెచ్చుకోండి. విహెచ్ఎఫ్‌లో పిలుపులకి వాడే 16వ చానెల్‌లో పోర్టు వాళ్లు పిలిచినప్పుడు మెనూలో వాల్యూమ్ వెతుక్కోనక్కర్లేదు.