రాతి జెల్లకు సీడ్ వదలాలా, మడుగులు కాపాడాలా? (సుంకేసుల – సంగమేశ్వరం)

తుంగతీరం:
ఏటా బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపపిల్లలు 80–100 మి.మీ. సైజులో రిజర్వాయర్లలో వదులుతున్నారు. తుంగభద్రలో అరుదైపోయిన రాతి జెల్లకూ (బండల మధ్య బతికే క్యాట్‌ఫిష్) అట్లే సీడ్, అంటే పిల్లలు, వదిలితే పోలా?

వలకట్టు:
బొచ్చె సంగతి వేరన్నా. అది నిలవ నీళ్ళలో పెరుగుతుంది, హేచరీలో హార్మోన్ ఇంజెక్షన్‌కు గుడ్లు పెడుతుంది. రాతి జెల్ల పరుగు నీటి చేప, బండల సందున నేలకు అతుక్కొని ఉంటుంది. చేపల మీద రాసిన ఆంగ్లేయుడు సైక్స్ దొర 1839లో దీన్ని పుణె దగ్గరి ముఠా-ములా చేపల్లోనే వర్ణించాడు. ఆ నీళ్ళు భీమాలో కలిసి కృష్ణకే వస్తాయి, అంటే ఇది మన ఏటి చేపే. ఆర్డరిస్తే లారీలో దిగే సీడ్ కాదిది. పైగా శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఎక్కినంత మేర బండలు ఒండ్రు కింద పోయినాయి. పిల్లలు వదిలినా యాడుండాల?

ఇంకోటి: జెల్ల సీడ్ పేరుతో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంటగడతారు, జాగ్రత్త. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. వీపు చూడండి: ఆఫ్రికన్‌ది తోక దాకా ఒకే పొడుగు రెక్క. రాతి జెల్లకు ముందు చిన్న రెక్క, వెనక కొవ్వు రెక్క (ముళ్ళు లేని మెత్తటి రెక్క). చర్మం గరుకు, నోరు కిందికి, తోక కొసలు దారాల్లాగా సాగుతాయి.

కేసీ_ఆయకట్టు:
పరుగు నీటి చేప అంటే, ఎండాకాలం నదికి నీళ్ళు వదలమంటారా? కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద పైరు ఎండితే జవాబెవరు చెప్పాల? అది జరిగే పని కాదప్పా.

వలకట్టు:
కాలువ నీళ్ళు అడగలేదు. సుంకేసుల బ్యారేజీ కింద లోతు మడుగుల్లో మోటార్లు పెట్టి అడుగంటా తోడొద్దు, ఇసుక తవ్వొద్దు. అలివి వల మాత్రం కట్టడి చేయాల్సిందే. ఆ వల కన్ను సన్నం, వేలెడు పిల్లను కూడా ఊడ్చేస్తుంది. చిక్కు వలలో పెద్ద జెల్ల పడితే లాగొద్దు. చెంప రెక్కల ముల్లు వలకు తగులుకుంటుంది, వల కన్ను కోసి చేపను నీళ్ళలోనే వదలాల. దాని మాంసం తొందరగా చెడుతుంది, ధర కోసం కక్కుర్తి పడేదేం లేదు.

తుంగతీరం:
కర్నూలు దగ్గర హంద్రీ కలిసే చోట మురుగు సంగతో? మొన్న ఎవరో మధ్యాహ్నం కొలిచి ఆక్సిజన్ బాగుందని రాసినారు.

వలకట్టు:
మధ్యాహ్నం కొలత నమ్మొద్దు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. తెల్లవారక ముందు, అడుగు నీళ్ళలో కొలవాల. లీటరుకు 4 మి.గ్రా. కంటే తగ్గితే బొచ్చెకే కష్టం, పరుగు నీటి జెల్ల సంగతి చెప్పేదేముంది.

తుంగతీరం:
సీడ్ మాట పక్కన పెడదాం. మడుగు కావలి మాత్రం మత్స్యకార సొసైటీకే ఇవ్వాల, ఆఫీసు బోర్డు పాతితే అలివి ఆగదు.

కేసీ_ఆయకట్టు:
సొసైటీలోనే అలివి వేసేవాళ్ళుంటే?