‘అర్ధ వలస, అర్ధ భూస్వామ్య’: ఇక్కడ ‘అర్ధ’ అంటే సగమేనా?

మిత్రులకు నమస్కారం. చైనా విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ విద్యార్థులు తప్పనిసరిగా చదవవలసిన ‘చైనా ఆధునిక, సమకాలీన చరిత్ర రూపురేఖలు’ అనే పాఠ్యాంశం గురించి తెలుగులో రాసేటప్పుడు ‘అర్ధ వలస, అర్ధ భూస్వామ్య సమాజం’ అన్న మాటను యథాతథంగా వాడవచ్చునా అని అడిగారు. వాడక తప్పదని నా అభిప్రాయం. 2005 నాటి సంస్కరణలో రాజకీయ సిద్ధాంత కోర్సుల సరసన చేరిన ఆ పాఠ్యాంశంలో 1840 నల్లమందు యుద్ధం నుంచి 1949 వరకు గడిచిన కాలమంతా ఈ ఒక్క సూత్రం మీదనే నడుస్తుంది. మావో 1939–40 నాటి రచనలతో స్థిరపడిన ఈ సూత్రం నక్సల్బరీ, శ్రీకాకుళ ఉద్యమాల కాలం నుంచి మన వామపక్ష సాహిత్యంలోనూ పాతుకుపోయింది.

చిక్కంతా ‘అర్ధ’ దగ్గర ఉంది. బ్రిటన్‌తో జరిగిన ఆ నల్లమందు యుద్ధాన్ని ముగించిన 1842 నాన్జింగ్ ఒప్పందాన్ని చూడండి. హాంకాంగ్ దీవి బ్రిటన్ పరమైంది, షాంఘైతో సహా ఐదు రేవులు తెరుచుకున్నాయి, దిగుమతి సుంకాన్ని స్వేచ్ఛగా నిర్ణయించుకునే హక్కు చేజారింది. అయినా బీజింగ్‌లో చక్రవర్తి సింహాసనం మీదనే ఉన్నాడు, ఆయన అధికారులే పాలన సాగించారు. మన దేశంలో మాదిరిగా పరాయి ప్రభుత్వం నేరుగా ఏలలేదు గనుక ‘అర్ధ’ అన్నారే తప్ప, భూభాగంలో సగం పోయిందని కాదు. పైగా ఈ రెండు ‘అర్ధ’లు ఒకే దిక్కుకు నడవవు: మొదటిది స్వతంత్ర దేశం దిగజారడాన్ని చెబితే, రెండవది పాత వ్యవసాయ వ్యవస్థలోకి పెట్టుబడిదారీ సంబంధాలు చొరబడడాన్ని చెబుతుంది. విద్యార్థికి ఈ తేడా విడమరచి చెప్పకపోతే సూత్రం నోటికి వస్తుంది గాని చరిత్ర బోధపడదు.

‘వలస’ అనగానే పాలమూరు కూలీల వలస గుర్తుకు వచ్చే పాఠకులు మనకు ఎందరో ఉన్నారు కాబట్టి, తొలిసారి ప్రస్తావించేటప్పుడు ‘అర్ధ వలసపాలిత’ అని రాయడం మేలు.

ఇక ‘భూస్వామ్య’. దీనికి మూలమైన చైనీయుల ‘ఫెంగ్‌జియెన్’ అన్న పదానికి, ప్రాచీన చైనాను ఏలిన జౌ వంశపు రాజులు బంధువులకు భూములిచ్చి సామంత రాజ్యాలు నెలకొల్పడమనేది పాత అర్థం. క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసిన చిన్ చక్రవర్తి ఆ పద్ధతికి బదులుగా తాను నియమించే అధికారుల పాలనను దేశమంతటా నెలకొల్పాడు. అందువల్ల 19వ శతాబ్దపు చైనాకు ఆ పేరు తగదని వాదించే చరిత్రకారులు ఉన్నారు. హిందీ వారి ‘సామంతవాద్’ జౌ కాలానికి సరిగ్గా అతుకుతుంది. కానీ పాఠ్యపుస్తకం చెప్పదలచినది భూయజమానికి కౌలు చెల్లించే రైతు గురించి గనుక, ఈ ఒక్క చోట మన ‘భూస్వామ్యం’ అనే మాట మూలంలోని చైనా పదం కంటే సూటిగా ఉందని నేను భావిస్తున్నాను. దానిని మార్చవద్దని నా మనవి.