లినక్స్ వేశాక ల్యాప్‌టాప్ బూట్ కాకపోతే తుడిచేయడమా, బాగు చేయడమా?

భీమవరం చెరువుగట్టు:
మా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసింది కదా అని పక్కనే లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 వేశాను. తిరిగి ఆన్ చేస్తే ఏమీ అడగకుండా విండోస్‌లోకే వెళ్లింది. ఎవరో చెప్పారని బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే రక్షణ) తీసేసి లెగసీ మోడ్ (పాత బూట్ పద్ధతి) పెట్టాను. ఇప్పుడు రెండూ రావడం లేదు. నల్లటి తెర మీద, బూట్ చేయడానికి పరికరం లేదని ఒక్క లైను. రెండు పంటల రొయ్యల మేత లెక్కలు, పట్టుబడి బిల్లులు అందులోనే ఉన్నాయి. డిస్కంతా తుడిచి మళ్లీ వేయమంటున్నారు. వేయించేదా?

తణుకు రిపేర్ల షాపు:
వేయించేయండి. లెక్కలు ముందుగా వేరే డిస్కులోకి తీసుకోవచ్చు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఈ రోజు సర్దినా అప్‌డేట్ వస్తే మళ్లీ గొడవే. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ తర్వాత ఎందరి లినక్స్ లేవలేదో మరిచిపోయారా?

అమలాపురం ల్యాబ్ మాస్టారు:
మరిచిపోలేదు. ఆ అప్‌డేట్ అడ్డుకున్నది లోపాలున్న పాత బూట్‌లోడర్లను, అంటే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాములను. ఫైళ్ల జోలికి పోలేదు. తూము మూసుకుపోయిందని గట్టు తెగ్గొట్టుకుంటామా?

చెరువుగట్టు గారూ, జవాబు మీ మాటల్లోనే ఉంది. లెగసీ మోడ్ పెట్టేదాకా విండోస్ వస్తూనే ఉంది. అంటే అది యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో వేసినది. దాని బూట్ ఫైళ్లు డిస్కులో ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే చిన్న ఈఎఫ్ఐ విభాగంలో ఉంటాయి. లెగసీ మోడ్ అటు తొంగి కూడా చూడదు. ఉబుంటు కూడా లేవలేదంటే అదీ యూఈఎఫ్ఐలోనే పడినట్టుంది. మీరు మార్చిన రెండింటినీ మొదట ఎలా ఉన్నాయో అలాగే పెట్టండి. తర్వాత బూట్ వరుసలో ఉబుంటు పేరు విండోస్ బూట్ మేనేజర్ కింద ఉంటే పైకి జరపండి.

తణుకు రిపేర్ల షాపు:
సెక్యూర్ బూట్ మళ్లీ పెట్టమంటారా! లినక్స్ వేసే ప్రతి యంత్రంలో నేను ముందుగా తీసేసేది అదే. ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వేసిన రోజు నీలం తెర వచ్చి పాస్‌వర్డ్ అడిగితే వీరు ఎవరిని పిలుస్తారు?

అమలాపురం ల్యాబ్ మాస్టారు:
ఆ ఇబ్బంది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఉబుంటులో ముందుగా లేచే షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి బూట్ కావడానికి సెక్యూర్ బూట్ అడ్డు కాదు. పైగా బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ తీసేస్తే విండోస్ 48 అంకెల కీ అడగవచ్చు. ఆ కీ ఎక్కడుందో మీ దగ్గరికి వచ్చేవారిలో ఎందరు చెప్పగలరు?

భీమవరం చెరువుగట్టు:
విండోస్ వచ్చిందండీ! వరుసలో ఉబుంటు రెండోది. పైకి జరిపాక, ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూలో రెండు పేర్లూ కనిపించాయి. లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

తణుకు రిపేర్ల షాపు:
సంతోషం, వచ్చే అప్‌డేట్ దాకా. ఆ పెన్‌డ్రైవ్ మాత్రం చెరువు దగ్గర షెడ్డులో ఉంచకండి. చెమ్మకు పోయినవి నా బల్ల సొరుగు నిండా ఉన్నాయి.