పెంపుడు పిల్లి ఎలుకలను, పిట్టలను, పాములను ఇంట్లోకి తెస్తోంది: కారణమేమిటి, ఎలా తగ్గించాలి?

ప్రశ్న (హాలియా దగ్గరి పల్లె నుండి)

అందరికీ నమస్కారం. మా ఇల్లు ఊరి చివర, సాగర్ ఎడమ కాలువ కింద సాగయ్యే వరి పొలాలను ఆనుకొని ఉంటుంది. వడ్ల బస్తాలకు ఎలుకల బెడద ఎక్కువ కావడంతో ఒక ఆడ పిల్లిని తెచ్చి పెంచుకుంటున్నాం. పూటపూటకూ పాలన్నమో పెరుగన్నమో పెడతాం, ఏనాడూ పస్తు ఉంచలేదు. అయినా అది ఎలుకలను చంపి, తినకుండా, మా అత్తమ్మ పడుకునే మంచం కింద తెచ్చి పెడుతుంది. ఎలుకల వరకైతే సంతోషమే. కానీ ఈ మధ్య పిచ్చుకలను, ఉడుత పిల్లలను కూడా తెస్తోంది. మొన్న ఒక నీరుకట్టు పామును ప్రాణాలతోనే పట్టుకొచ్చి, పిల్లలు చదువుకుంటున్న వరండాలో వదిలింది. తిన్న తిండికి రుణం తీర్చుకుంటోందని అత్తమ్మ అంటుంది, కడుపు నిండక వేటాడుతోందని మా వారు అంటారు. ఇందులో ఏది నిజం? కొట్టకుండా, కట్టేయకుండా దీన్ని తగ్గించే మార్గం ఉంటే దయచేసి చెప్పండి. చచ్చిన పిట్టలను చూసి మా పాప అన్నం కూడా సరిగా తినడం లేదు.

జవాబు (మహబూబ్‌నగర్ నుండి, పశువైద్యంలో పనిచేసిన వ్యక్తి)

అమ్మా, ముందుగా ఆకలి సంగతి చెబుతాను. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. ఆకలి వేటను కొంత పెంచుతుంది గానీ, కడుపు నిండినంత మాత్రాన వేట ఆగదు. 1976లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఇష్టమైన ఆహారం తింటున్న పిల్లుల ముందు ఎలుకను వదిలితే, అవి తిండి మధ్యలో ఆపి ఎలుకను చంపి, మళ్ళీ వచ్చి తమ ఆహారాన్నే తిన్నాయి. దీనికి కారణం వాటి పుట్టుకలోనే ఉంది. మన పెంపుడు పిల్లుల పూర్వీకులు పశ్చిమాసియా, ఆఫ్రికా ప్రాంతాల అడవి పిల్లులు. అవి ఒకేసారి పెద్ద జంతువును చంపి తినేవి కావు, రోజంతా చిన్న చిన్న ప్రాణులను అనేకసార్లు పట్టుకునేవి. దొరికిన ప్రతి అవకాశాన్నీ వాడుకున్న పిల్లే బతికి బట్టకట్టింది. సుమారు పదివేల ఏళ్ల కిందట మనుషులు ధాన్యం నిల్వ చేయడం మొదలుపెట్టాక ఎలుకల కోసం అవి మన ఊళ్ళకు చేరాయి. మనం వాటిని ఆ పని కోసమే ఉండనిచ్చాం కాబట్టి, ఆ గుణం తగ్గవలసిన అవసరమే రాలేదు.

ఇంటికి ఎందుకు తెస్తుందన్న దానికి శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. తల్లి పిల్లి మొదట చచ్చిన ఎలుకను, తర్వాత కొన ఊపిరితో ఉన్నదాన్ని తెచ్చి కూనలకు వేట నేర్పుతుందన్నది మాత్రం బాగా తెలిసిన విషయం. తనకు భయం లేని చోటికి తెచ్చుకొని తినడం లేదా దాచుకోవడం మరో కారణంగా చెబుతారు, నాకు ఇదే ఎక్కువ సబబుగా తోస్తుంది. అత్తమ్మగారి మంచం కింద దానికి అన్నిటికన్నా నిశ్చింతగా ఉంటుంది కాబోలు. మరొక విషయం గమనించండి. అమెరికాలోని జార్జియాలో పిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి చూసినప్పుడు, అవి పట్టిన ప్రాణులలో ఇంటికి తెచ్చినవి సుమారు 23 శాతమేనని తేలింది. అంటే మీ కంట పడుతున్నది దాని వేటలో కొంత భాగమే అనుకోవాలి.

ఇప్పుడు తగ్గించే మార్గం. 2021లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన అధ్యయనంలో, మాంసపు ప్రొటీన్ ఎక్కువగా ఉండి ధాన్యం లేని ఆహారం పెట్టిన ఇళ్లలో పిల్లులు తెచ్చే ప్రాణుల సంఖ్య 36 శాతం తగ్గింది. రోజూ 5 నుండి 10 నిమిషాలు ఈకలు కట్టిన పుల్లతోనో బొమ్మ ఎలుకతోనో ఆడించిన చోట 25 శాతం తగ్గింది. మెడకు గంట కట్టినందువల్ల ఆ అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మన ఇళ్లలో పాలన్నం, పెరుగన్నం పెట్టడం వాడుకే గానీ పిల్లి పూర్తిగా మాంసాహారి. మాంసంలో దొరికే టౌరిన్ అనే పదార్థం చాలినంత అందకపోతే దాని చూపు దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ లెక్కన మీ వారి మాటలోనూ కొంత నిజం ఉంది. పిల్లి కడుపు నిండుతోంది గానీ, కావలసినది అందడం లేదు.

తెచ్చినప్పుడు కొట్టకండి, తిట్టకండి. మీరు ఎందుకు కోపగించారో దానికి అర్థం కాదు, ఇంటి మనుషులంటే భయం మాత్రం మిగులుతుంది. చేతికి సంచి తొడుక్కొని, మాటామంతీ లేకుండా తీసి పారేయండి. ఎలుకల వల్ల పిల్లికి బద్దెపురుగులు వస్తాయి కనుక, పశువైద్యుని సలహాతో సుమారు మూడు నెలలకొకసారి నులిపురుగుల మందు వేయించండి. రేబిస్ టీకా కూడా తప్పనిసరి.

జవాబు (మిర్యాలగూడ నుండి, వరి రైతు)

అక్కా, వేట కన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగడం లేదు. మన ఆయకట్టులో వరి పొట్టకొచ్చే సమయానికి రైతులు గట్ల మీద ఎలుకల మందు పెడతారు. నూకల్లో నూనె, నల్లటి జింక్ ఫాస్ఫైడ్ పొడి కలిపి పెట్టేది ఒక రకం, బ్రోమాడియోలోన్ బిళ్లలు మరో రకం. మందు తిన్న ఎలుక మందకొడిగా తిరుగుతుంది, పిల్లికి అదే ముందు దొరుకుతుంది. బ్రోమాడియోలోన్ రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. దాని ప్రభావం వెంటనే కాక మూడు నాలుగు రోజుల తర్వాత బయటపడుతుంది. చిగుళ్లు తెల్లబడడం, మూలన ముడుచుకొని పడుకోవడం, ముక్కు నుండి గానీ మలంలో గానీ రక్తం కనిపించడం దాని గుర్తులు. సమయానికి తీసుకెళ్తే విటమిన్ కె1తో బతికించవచ్చు, కానీ ఆ మందు కొన్ని వారాల పాటు వాడాలి. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు మందు లేదు. అందుకే ఇరుగుపొరుగు పొలాల వారు మందు ఎప్పుడు పెడుతున్నారో ముందే అడిగి తెలుసుకొని, ఆ వారం పది రోజులు పిల్లిని బయటికి వదలకండి. చచ్చిన ఎలుకలను గట్టు మీద వదిలేయకుండా లోతుగా పూడ్చమని వారికి చెప్పండి. చెబితే వింటారు, మా ఊళ్లో విన్నారు.

జవాబు (అచ్చంపేట నుండి)

పిట్టల కోసం రెండు మాటలు చెప్పాలనిపించింది. వానకాలంలో తాటిచెట్ల మీద గిజిగాళ్లు, ఇళ్ల చుట్టూ ఇంకెన్నో పిట్టలు పిల్లలను సాకుతుంటాయి. రెక్కలు సరిగా రాని పిల్లలు నేల మీద దొరికితే పిల్లి వదలదు. ఆ నెలల్లోనైనా చీకటి పడ్డప్పటి నుండి పొద్దెక్కేదాకా దాన్ని ఇంట్లోనే ఉంచండి. పట్టుకొచ్చిన పిట్ట బతికే ఉంటే, గాయం పైకి కనిపించకపోయినా ఎగరేయకండి. పిల్లి నోటిలోని సూక్ష్మజీవుల వల్ల ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచి పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.

పాము విషయం తేలికగా తీసుకోవద్దు. నీరుకట్టుకు విషం లేదు గానీ, రేపు అదే పిల్లి కట్లపామునో రక్తపింజరనో తేవచ్చు. కట్లపాము కాటుకు నొప్పి కూడా పెద్దగా తెలియదు. పిల్లలను గదిలోకి పంపి తలుపు వేసి, పాములు పట్టే వారిని పిలవండి. పిల్లి నోటి నుండి లాగే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

అడిగినవారి మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. పొలాల వారితో మా వారు ఈరోజే మాట్లాడతామన్నారు. ఒక చిక్కు మాత్రం మిగిలింది. అత్తమ్మ మాంసం ముట్టదు, మా వంటింట్లో వండనివ్వదు. అలాంటప్పుడు పిల్లికి ఏం పెట్టాలి?

జవాబు (మహబూబ్‌నగర్ నుండి)

ఆమె మనసు కష్టపెట్టనక్కర లేదమ్మా. పిల్లుల కోసమే తయారైన పొడి ఆహారం పొట్లాలు దొరుకుతాయి, వాటిలో టౌరిన్ కలిపి ఉంటుంది, వండే పని లేదు. పొట్లం మీద మాంసం మొదటి పదార్థంగా ఉన్నదే ఎంచుకోండి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 50 నుండి 60 గ్రాములు సరిపోతుంది, రెండు మూడు పూటలుగా వరండాలోనే పెట్టండి. ఒక్కసారిగా మార్చితే విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి, వారం పది రోజుల్లో పెరుగన్నం తగ్గిస్తూ ఇది పెంచండి. పాలు పూర్తిగా మానేసి, ఎప్పుడూ మంచినీళ్లు అందుబాటులో ఉంచండి.