తిరుపతి లాడ్జి గదుల్లో బాత్‌రోబ్‌లు అవసరమా? పెడితే టర్రీనా, వాఫులా?

స్టేషన్_రోడ్డు_లాడ్జి
అందరికీ నమస్కారం. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మా నాన్న నడిపే లాడ్జిని ఇప్పుడు బాగుచేయిస్తున్నాం. పై అంతస్తులో 6 గదుల్ని కాస్త ఖరీదైనవిగా మార్చి వాటిలో బాత్‌రోబ్‌లు, అంటే స్నానం చేశాక తొడుక్కునే వదులు అంగీలు, పెడదామని నా ఆలోచన. నాన్న ససేమిరా ఒప్పుకోవడం లేదు, కొండకు పోయేవాళ్లు తెల్లారుజామున స్నానం చేసి పంచె కట్టుకుని బయలుదేరతారు, రోబ్ తొడుక్కుని కూర్చునే తీరిక ఎవరికుంది అంటారు. సరుకు ఇచ్చేవాళ్లు మూడు రకాలు చూపించారు: 450 జీఎస్‌ఎం (బట్ట బరువు లెక్క) టర్రీ, అంటే దారపు ఉంగరాలుండే టవల్ బట్ట, 240 జీఎస్‌ఎం వాఫుల్, అంటే గుంటల గళ్ల నేత, ఇంకా మైక్రోఫైబర్. చేత్తో పట్టుకుంటే మైక్రోఫైబరే అన్నిటికన్నా మెత్తగా ఉంది, ధర కూడా తక్కువ. అసలు తీసుకోవాలా, తీసుకుంటే ఏది?

అలిపిరి_వాసి
మీ నాన్నగారి మాటే కరెక్ట్ బ్రదర్. సేవ టికెట్ ఉన్న మగవాళ్లకు పంచె, ఉత్తరీయం లాంటి సంప్రదాయ దుస్తులు కావాలి, ఆడవాళ్లు చీరలోనో చున్నీ వేసుకున్న చుడీదార్‌లోనో రావాలి, రోబ్ వేసుకుని గది గడప కూడా దాటలేరు. ఆ డబ్బుతో పెద్ద సైజు, 30 అంగుళాలకు 60 అంగుళాల మంచి కాటన్ టవళ్లు మనిషికి రెండేసి పెట్టండి. గుండు చేయించుకుని చందనం పూసుకుని వచ్చే యాత్రికుడికి తల తుడుచుకోవడానికి ఇంకో టవల్ దొరికితే చాలు, అదే పెద్ద మర్యాద. చాలా లాడ్జిల్లో ఇప్పటికీ గరుకు టవల్ ఒక్కటి పడేసి పోతున్నారు, ముందు అది మారాలి.

హౌస్‌కీపింగ్_అక్క
టవళ్ల మాట నేనూ ఒప్పుకుంటా అన్నా, కానీ యాత్రికులంతా ఒకేలా ఉండరు. దర్శనం అయ్యాక క్యూలో అలసిపోయి వచ్చి, ఇంకోసారి స్నానం చేసి సాయంత్రం దాకా గదిలోనే పడుకునే కుటుంబాలు ఎన్నో. బట్టలన్నీ మాసిపోయో తడిసిపోయో ఉంటాయి, పెద్దవాళ్లు రోబ్ అడిగి మరీ తీసుకుంటారు. ఇక్కడి హోటళ్లలో హౌస్‌కీపింగ్ చూసుకుంటున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, రోబ్ పెట్టాలా వద్దా అనే దానికన్నా ఉతకగలరా లేదా అన్నదే అసలు ప్రశ్న.

జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు అని. ఒక రోబ్‌కు రెండున్నర నుంచి మూడు చదరపు మీటర్ల బట్ట పడుతుంది, అంటే 450 టర్రీ కిలో పైనే తూగుతుంది, 240 వాఫుల్ 600, 700 గ్రాముల్లో అయిపోతుంది. ఆ బరువంతా పొడిగా ఉన్నప్పుడే, తడిస్తే ఇంకా పెరుగుతుంది, డ్రైయర్‌లో టర్రీ ఆరడానికి ఎక్కువ కరెంటు, ఎక్కువ టైమ్. డ్రైయర్ లేకుండా మేడ మీద ఆరేస్తామంటే ఎండాకాలంలో ఇబ్బంది లేదు గానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో టర్రీ కాలరూ జేబులూ ఆరక ముక్కవాసన వస్తుంది. ఆ వాసన ఉన్న రోబ్ పెట్టేకంటే పెట్టకపోవడమే మేలు.

ఇంకోటి, స్టాకు. గదిలో ఒక సెట్టు, ఉతుకులో ఒక సెట్టు, అరలో ఒక సెట్టు ఉండాలి. 6 గదులకు రెండేసి చొప్పున 12, మూడు సెట్లకు 36 రోబ్‌లు. 12 కొని నడిపేద్దాం అనుకుంటే రద్దీ రోజుల్లో తడి రోబ్‌లు పెట్టాల్సి వస్తుంది.

చందనం మరకకు ముందు చల్లటి నీళ్లు పెట్టి మెత్తగా కడగండి. అందులో పసుపు కలిసి ఉంటే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, చూసి కంగారుపడి క్లోరిన్ బ్లీచ్ పోసేయొద్దు, అది మాటిమాటికీ వాడితే దారం బలం పోతుంది. ఉతికి ఎండలో వేస్తే పసుపు రంగు చాలావరకు పోతుంది.

మగ్గం_మనిషి_పుత్తూరు
అక్క లెక్క బాగుంది, కానీ వాఫుల్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ గళ్ల నేత ఉతికితే టర్రీ కన్నా ఎక్కువగా కుంచించుకుపోతుంది. ముందే ఉతికి కుదించిన బట్టతో కుట్టారా అని అడగండి, కాదంటే ఒక సైజు పెద్దది తీసుకోండి, లేదంటే రెండు ఉతుకులకు చేతులు మోచేతి దాకా పోతాయి. నన్నడిగితే 350 జీఎస్‌ఎం దగ్గర మంచి టర్రీయే పెడతా, నీళ్లు పీల్చేది అదే. టర్రీకి అడుగు బట్టకు ఒక పడుగు (నిలువు దారాలు), పైన ఉంగరాలకు ఇంకో పడుగు, రెండు కావాలి, అందుకే మా వైపు మామూలు మరమగ్గాల మీద అది రాదు. మహారాష్ట్రలోని షోలాపూర్ టర్రీ టవళ్లకు అంత పేరు ఊరికే రాలేదు. దగ్గర్లో కావాలంటే తమిళనాడులోని కరూరు వెళ్లి చూడండి.

మైక్రోఫైబర్ వద్దే వద్దు. పాలిస్టర్ బట్ట, అంగడిలో మెత్తగా ఉంటుంది, మన ఎండల్లో తొడుక్కుంటే చెమట పడుతుంది. వెదురు రోబ్ అని అమ్మేది కూడా చాలావరకు వెదురు గుజ్జుతో తీసిన విస్కోసే, తడిస్తే దాని బలం తగ్గుతుంది, హోటల్ ఉతుకుకు తట్టుకోదు. కొనే ముందు బట్ట మీద ఒక్క చుక్క నీళ్లు వేయండి, చుక్క నిలబడితే దాని మీద మెరుగు పూత ఉన్నట్టే, రెండుమూడు ఉతుకులయ్యాక మళ్లీ వేసి చూడండి. అంచు కుట్టు తిరగేసి చూడండి, దారాలు వేలాడితే వదిలేయండి.

బైరాగిపట్టెడ_అమ్మాయి
ఇంటి సంగతి ఎవరూ అనలేదని చెప్తున్నా. మా అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక స్నానం చేయించి నిలబెట్టి చీర కట్టడం చాలా కష్టమయ్యేది. ముందు తెరుచుకునే రోబ్ తొడిగితే కూర్చోబెట్టే ఒళ్లు ఆరబెట్టొచ్చు, ఆవిడకు మర్యాద కూడా. నడుం పట్టీ మాత్రం పొడుగ్గా వేలాడకూడదు, కాళ్లకు తగిలితే పడిపోతారు, అందుకే పట్టీ తీసేసి ప్రెస్ బటన్లు కుట్టించా. చేతులు మోచేతి కింద దాకా, వదులుగా ఉండాలి. మా బోరు నీళ్లు ఉప్పు, ఉతికితే గట్టిగా అట్టలా అవుతుంది, అక్కా దీనికేం చేయాలి?

హౌస్‌కీపింగ్_అక్క
సాఫ్ట్‌నర్ పోయకమ్మా, అది దారం మీద పూతలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు. సబ్బు తగ్గించి, చివరి జాలింపులో కొంచెం వెనిగర్ కలుపు, నీళ్లలోని సున్నం కరుగుతుంది. బ్లీచ్ వేసిన ఉతుకులో మాత్రం వెనిగర్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

అలిపిరి_వాసి
పెద్దవాళ్లకు ఇంట్లో అవసరమే, కాదనను తల్లీ. లాడ్జిలో మాత్రం రోబ్‌తో నేల తుడిచేవాళ్లు, పట్టీ పోగొట్టేవాళ్లు, బ్యాగులో పెట్టుకుపోయేవాళ్లు ఉంటారు. ఆ నష్టం గది అద్దెలోనే కదా పడేది, వాడని యాత్రికుడు కూడా దానికి కట్టాలా? నా అభ్యంతరం అదే.

స్టేషన్_రోడ్డు_లాడ్జి
ఇది నాకు పట్టింది అన్నా. అన్ని గదుల్లో తగిలించకుండా, అడిగినవాళ్లకు రిసెప్షన్ నుంచి ఇద్దామనుకుంటున్నా, అప్పుడు స్టాకు 36 నుంచి సగానికి దిగుతుంది, మిగిలిన డబ్బుతో అన్ని గదులకూ రెండేసి టవళ్లు. ముందు 350 టర్రీ ఒకటి, వాఫుల్ ఒకటి శాంపిల్ తెప్పించి మా బోరు నీళ్లలోనే అయిదుసార్లు ఉతికిస్తా, చేతుల పొడవు ముందూ తర్వాతా కొలిచి, ఆరడానికి ఎంతసేపు పట్టిందో ఇక్కడే రాస్తా. అక్కా, పట్టీ వెనక నడుం దగ్గర కుట్టేస్తే ఉతుకులో మెలిపడుతుందా?

హౌస్‌కీపింగ్_అక్క
మెలిపడుతుంది, కానీ పోదు. మెషిన్‌లో వేసే ముందు ముందువైపు ముడి వేయమని చెప్పు తమ్ముడూ, సరిపోతుంది.