వంటగది డిజైను: ఫొటోలతో మొదలుపెట్టాలా, మన వంటతోనా?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులో మేము కొనుక్కున్న ఫ్లాటులో వంటగది పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉంది. మాడ్యులర్ కిచెన్ కోసం ఒక డిజైనరును సంప్రదిస్తే, ఆయన కొలతలైనా తీసుకోకుండా నలభై ఫొటోలు పంపి, నచ్చినది చెప్పమన్నారు. హాలుకూ వంటగదికీ మధ్య గోడ తీసేయడం, అల్మారాలకు హ్యాండిళ్లు లేని తెల్లటి షట్టర్లు (తలుపులు) పెట్టడం ఇప్పుడు అందరూ చేయించుకుంటున్నారని కూడా అన్నారు. మా ఇంట్లో అత్తగారూ నేనూ కలిసి వండుతాము. ఆదివారం చేపల పులుసు తప్పదు. అసలు డిజైనరు ఏ వరుసలో ఆలోచించాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (వంటగదుల డిజైనరు):
ఫొటోలు చూడడం తప్పు కాదు గానీ, వాటి వంతు చివరన రావాలి. నేను టేపు తీసే ముందు ఆ ఇంట్లో ఒక పూట వంట జరుగుతుండగా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఒక ఇంట్లో గృహిణి కూరగాయలన్నీ భోజనాల బల్ల దగ్గర టీవీ చూస్తూ తరిగారు. పోపుల పెట్టె మాత్రం స్టవ్వుకు వెనక అరలో ఉండడంతో, తిరగమోత వేసిన ప్రతిసారీ కాగుతున్న నూనె మీదుగా చేయి చాచారు. అక్కడ తరగడానికని నాలుగు అడుగుల గట్టు గీసి ఉంటే వృథా అయ్యేది. ఆ చోటు వెట్ గ్రైండరుకు ఇచ్చి, పోపుల పెట్టెను స్టవ్వు పక్కనున్న మొదటి డ్రాయరులోకి మార్చాము. ఈ సంగతి ఏ ఫొటోలోనూ కనిపించదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఆధునిక వంటగదికి మూలమని చెప్పుకునే ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్‌ను 1926లో రూపొందించిన ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షూటె-లిహోట్స్కీ, తనకప్పటికి వంట రాదని తర్వాత తానే చెప్పుకున్నారు. రైళ్లలోని భోజనశాల పెట్టెల్లో ఇరుకు చోట వంట ఎలా సాగుతోందో చూసి, ఏ పనికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కగట్టి, దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల గదిని గీశారు. అయితే అది ఒక్క మనిషి వండుకునే గది. ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. మీ ఇంట్లో ఇద్దరు వండుతారు కనుక ఎదురెదురు గట్ల మధ్య కనీసం మూడున్నర అడుగుల దారి అడగండి.

అందులో మీకు పనికొచ్చేది మరొకటి ఉంది. ఆ వంటగదికీ ముందు గదికీ మధ్య జరిపే తలుపు పెట్టారు. చేపల పులుసు, ఇంగువ పోపు ఉన్న ఇంటికి గోడ పూర్తిగా తీసేయడం కన్నా జరిపే అద్దం తలుపు ఎంతో మేలు. పైగా కొన్ని కొత్త అపార్టుమెంట్లలో గోడలన్నీ కాంక్రీటుతో ఒకేసారి పోస్తారు. వాటిని పగలగొడితే భవనానికే ప్రమాదం. ముందు బిల్డరు దగ్గర నిర్మాణపు ప్లాను అడిగి చూడండి.

ఇక ఫ్యాషను విషయంలో నాదొకటే నియమం: విప్పి మార్చగలిగిన వాటిలో మీ సరదా తీర్చుకోండి, గోడలో పూడ్చేవాటిలో వద్దు. షట్టరు రంగు పదేళ్లకు మార్చుకోవచ్చు. నీళ్ల పైపు, కరెంటు పాయింట్లు, చిమ్నీ గొట్టం వెళ్లే రంధ్రం మార్చాలంటే టైల్స్ పగలాలి. తెల్లటి షట్టర్ల మీద పసుపు మరకలు ఎంత మొండివో వేరే చెప్పాలా! సింకు కింద పెట్టెకు మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడిని తట్టుకునే ప్లైవుడ్డే వాడించండి. మామూలు ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) తడికి ఉబ్బిపోతుంది.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలండీ. అత్తగారిది నాలుగడుగుల పది అంగుళాల ఎత్తు, నాది అయిదున్నర అడుగులకు ఒక అంగుళం తక్కువ. గట్టు ఎవరి ఎత్తుకు పెట్టించాలి?

డిజైనరు:
ఇద్దరికీ ఒకే ఎత్తు అనుకోవడంలోనే చిక్కు ఉంది. ఇప్పుడున్న ఇంట్లో భోజనాల బల్ల మీద పుస్తకాలు పేర్చి, పైన పీట పెట్టి, ఇద్దరూ విడివిడిగా రెండేసి ఉల్లిపాయలు తరిగి చూడండి. భుజం లేవకుండా, నడుం వంగకుండా ఉన్నచోట నేల నుంచి కొలవండి. మోచేతికి నాలుగైదు అంగుళాల కింద కుదురుతుంది. స్టవ్వు తానే అయిదారు అంగుళాలు లేస్తుంది కాబట్టి ఆ వైపు గట్టు తగ్గాలి, లేదంటే పొట్టివారు చారు గిన్నెలోకి చూడడానికి మునివేళ్ల మీద లేవాలి.

మరొక సభ్యుడు:
గట్టు తగ్గించే ముందు సిలిండరును రెగ్యులేటరుతో సహా కొలవండి. మేము కొలవక, పెట్టె అడుగున వేసిన పలక కోయించాల్సి వచ్చింది. వంటగ్యాసు గాలి కన్నా బరువు కనుక, సిలిండరు ఉన్న పెట్టె షట్టరుకు కింది అంచున గాలి సందులు తప్పనిసరి.

ప్రశ్నించినవారు:
మీరు చెప్పినట్టే తరిగి చూశాము. అత్తగారికి 31 అంగుళాలు, నాకు 35 కుదిరాయి. స్టవ్వు వైపు 31, సింకు వైపు 35 గీయిస్తున్నాము. గోడ కాంక్రీటుదేనని, ముట్టుకోవద్దని బిల్డరు చెప్పారు. ఉన్న గుమ్మానికే జరిపే అద్దం తలుపు పెట్టిస్తాము. ఫొటోలు పంపిన మా డిజైనరు గారిని ఈ ఆదివారం పులుసు వేళకు రమ్మన్నాము.